మానసిక చికిత్స తర్వాత మళ్ళీ స్టీరింగ్ పట్టేముందు: లారీ, బస్సు, క్యాబ్ డ్రైవర్లకూ వారి కుటుంబాలకూ మార్గదర్శి

మానసిక వ్యాధికి చికిత్స పొంది కోలుకుంటున్న డ్రైవరు డాక్టరును మొదట అడిగేది మళ్ళీ బండి ఎప్పుడు ఎక్కవచ్చని. ఇంటి అద్దె, బండి కిస్తీలు, పిల్లల ఫీజులు ఎదురుచూస్తుంటాయి కనుక ఆ తొందర సహజమే. అయితే ఈ ప్రశ్నకు మన చుట్టూ రెండు తప్పుడు సమాధానాలు చలామణిలో ఉన్నాయి. మానసిక ఆసుపత్రి గడప తొక్కినవాడికి ఇక స్టీరింగ్ ఇవ్వకూడదన్నది మొదటిది. మాత్రలు మానేసి, ఎవరికీ చెప్పకుండా డ్యూటీలో చేరిపోతే సరిపోతుందన్నది రెండవది. మొదటి సమాధానం బాగుపడిన మనిషి బతుకుతెరువును అన్యాయంగా తీసేస్తుంది. రెండవది అతని ప్రాణాన్నీ, అతని వెనక కూర్చున్న ప్రయాణికుల ప్రాణాలనూ ఒకేసారి ప్రమాదంలో పడేస్తుంది. డిప్రెషన్, బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే వ్యాధి), స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఉండే వ్యాధి) అన్న పేరును బట్టి మనిషి బండి నడపగలడో లేదో చెప్పలేము. ఇప్పుడు లక్షణాలు ఉన్నాయా, నిద్ర సరిగా ఉందా, వాడుతున్న మందులు మగత కలిగిస్తున్నాయా, తనకు జబ్బు తిరగబెడుతోందని తానే గుర్తించగల స్థితి ఉందా అన్న విషయాలే దాన్ని తేల్చాలి. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి మెట్టూ ఆ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

చట్టం ఏం అడుగుతుంది

మన దేశంలో డ్రైవరు ఆరోగ్య అర్హతకు ఆధారం 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద వచ్చిన 1989 కేంద్ర నిబంధనలు. సొంత కారు నడిపేవారికి 40 ఏళ్ళు దాటాకే వైద్య ధ్రువపత్రం అవసరమవుతుంది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు కావలసినవారు మాత్రం వయసుతో నిమిత్తం లేకుండా, కొత్తగా తీసుకునేటప్పుడూ రెన్యువల్‌కూ, ఫారం 1ఎ మీద రిజిస్టర్డ్ డాక్టరు సంతకంతో ధ్రువపత్రం ఇవ్వాలి. 2019 సవరణ తర్వాత ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు 5 ఏళ్ళకు చెల్లుతుంది. పెట్రోలు, గ్యాస్, రసాయనాల వంటి ప్రమాదకర సరుకు మోసే బండ్లకు 3 ఏళ్ళకే చెల్లుతుంది.

ఫారం 1 అన్నది మీరు స్వయంగా ఇచ్చే ప్రకటన. మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, తల తిరగడం ఉన్నాయా అని అందులో అడుగుతారు. మీరు బండి నడపడం వల్ల ప్రజలకు ప్రమాదం కలిగించే మరే వ్యాధి అయినా ఉందా అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంటుంది. మానసిక వ్యాధి లక్షణాలు ఇంకా తగ్గకపోతే ఈ ప్రశ్న కిందికే వస్తాయి. పూర్తిగా కోలుకుని, డాక్టరు ఫిట్ అని రాసి ఇచ్చిన తర్వాత, గతంలో చికిత్స పొందామన్న ఒక్క కారణంతో దానికి 'ఉంది' అని రాయనక్కరలేదని నా అభిప్రాయం. ఎందుకంటే ప్రశ్న అడుగుతున్నది ఇప్పటి ప్రమాదం గురించి. అయినా రాసేముందు మీ మానసిక వైద్యునితో ఆ ప్రశ్న చదివించి ఆయన మాట తీసుకోవడం మంచిది.

చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, వ్యాధి వల్ల మీరు బండి నడపడానికి తగరని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే లైసెన్సింగ్ అధికారి ఎప్పుడైనా కొత్త వైద్య ధ్రువపత్రం తెమ్మనవచ్చు, లైసెన్సును రద్దు చేయనూ వచ్చు. అలా చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజులలోగా అప్పీలు చేసుకునే హక్కు 17వ సెక్షన్ ఇస్తుంది. నోటిమాటగా 'నీకు లైసెన్సు ఇవ్వం' అంటే ఊరుకోకుండా ఉత్తర్వు కాగితం అడిగి తీసుకోండి, అప్పీలు గడువు ఆ కాగితం అందిన రోజు నుంచే లెక్క. ఇక 186వ సెక్షన్, తనకున్న వ్యాధి వల్ల ప్రజలకు ప్రమాదమని తెలిసి కూడా బండి నడిపినవారికి మొదటిసారి 1,000 రూపాయల వరకు, తర్వాత 2,000 రూపాయల వరకు జరిమానా వేస్తుంది. జరిమానా చిన్నదే కదా అనుకోవద్దు. అదే స్థితిలో ప్రమాదం జరిగి ఒకరు చనిపోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు ఎదురవుతుంది, దానికి 5 ఏళ్ళ వరకు జైలు ఉంది.

మరోవైపు, 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు రక్షణగా నిలుస్తుంది. గతంలో మానసిక ఆసుపత్రిలో చేరి చికిత్స పొందారన్న విషయం ఒక్కటే ఇప్పుడు మానసిక వ్యాధి ఉందని తేల్చడానికి సరిపోదని ఆ చట్టం 3వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది. ఓనరైనా, యూనియన్ నాయకుడైనా పాత డిశ్చార్జ్ కాగితం చూపి 'నువ్వు పనికిరావు' అంటే ఈ వాక్యాన్ని గుర్తుచేయండి.

ఎంతకాలం ఆగాలి

మన మోటారు వాహనాల చట్టంలో ఏ మానసిక వ్యాధికి ఎన్ని నెలలు ఆగాలన్న పట్టిక లేదు. అందువల్ల నిర్ణయం వైద్యుని వివేచన మీద ఆధారపడుతుంది. అంచనాకు బ్రిటన్ లైసెన్సింగ్ సంస్థ డీవీఎల్ఏ వైద్యులకిచ్చిన సూచనలు ఉపయోగపడతాయి. లారీ, బస్సు డ్రైవర్లకు తీవ్రమైన డిప్రెషన్ లేదా ఆందోళన తర్వాత మామూలుగా 6 నెలలు, సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, లేనిది నిజమని నమ్మడం) లేదా మేనియా (అదుపు లేని అతి ఉత్సాహం) వచ్చి తగ్గిన తర్వాత 12 నెలలు నిలకడగా ఉన్నాకే ఆ సంస్థ మళ్ళీ అనుమతి పరిశీలిస్తుంది. సొంత కారు నడిపేవారికి సైకోసిస్ తర్వాత ఆ గడువు 3 నెలలు. పెద్ద బండి, ఎక్కువ మంది ప్రయాణికులు, రోజంతా రోడ్డు మీదే ఉండే పని కనుక గడువులో అంత తేడా పెట్టారు. ఇవి మన దగ్గర చట్టం కావు. అయినా సైకోసిస్ తగ్గి నెల తిరగకముందే విజయవాడ నుంచి నాగపూర్ లోడు ఎత్తుకుంటానంటే అది ఎంత తొందరో ఈ అంకెలు చెబుతాయి.

చిన్నపాటి ఆందోళనకో, నిద్ర పట్టకో డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏకాగ్రత దెబ్బతినకుండా మందు వాడుతున్నవారు నెలల తరబడి పని మానక్కరలేదు. మందు సరిపడే వరకు ఆగితే చాలు. డాక్టరు దగ్గరికి వెళితే ఉద్యోగం పోతుందన్న భయం వల్లనే చాలామంది ఆలస్యం చేసి, తేలికగా తగ్గవలసిన జబ్బును ఆసుపత్రిలో చేరే వరకు తెచ్చుకుంటున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే.

ఈసీటీ, అంటే జనం 'కరెంటు షాకు' అని పిలిచే చికిత్స, జరుగుతున్న రోజులలో బండి జోలికి వెళ్ళకూడదు. మత్తుమందు ప్రభావం, తాత్కాలికమైన మరపు, కొద్దిపాటి తికమక అందులో ఉంటాయి. కోర్సు పూర్తయి, మరపు తగ్గిందని డాక్టరు చూశాకే మిగతా లెక్క మొదలుపెట్టాలి.

మందులు, మగత, ఎండ

డ్రైవరుకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. మానసిక వ్యాధుల మందులన్నీ మత్తు మందులేనన్న అపోహ ఎక్కువగా ఉంది. ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూవొక్సెటిన్ వంటి మందులు చాలామందికి పెద్దగా మగత కలిగించవు. మొదటి ఒకటి రెండు వారాలలో కాస్త గాభరా, కడుపులో వికారం ఉండవచ్చు. అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, క్వెటియాపిన్, ఒలాంజపిన్, క్లోజపిన్ మగతను బాగా కలిగిస్తాయి. కార్బమజపిన్ తల తిరగడాన్నీ, ఒక్కోసారి ఎదుటి బండి రెండుగా కనిపించడాన్నీ తెస్తుంది. చేతులు బిగుసుకోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చూపును మసకబార్చగలదు. కాలు ఒకచోట నిలవనివ్వని అసహనం కొన్ని మందులతో వస్తుంది, అది గంటల తరబడి సీటులో కూర్చునే మనిషికి పెద్ద ఇబ్బంది. ఇందులో ఏది ఎదురైనా మందు మార్చమనో, మోతాదు సర్దమనో డాక్టరును అడగండి. చాలాసార్లు అదే వ్యాధికి మగత తక్కువగా ఉండే మరో మందు దొరుకుతుంది; మీరు డ్రైవరని డాక్టరుకు తెలియకపోతే ఆయనకు ఆ ఆలోచనే రాదు.

ఆందోళనకూ నిద్రకూ ఇచ్చే డయజపామ్, క్లోనజపామ్, లోరజపామ్, అల్ప్రజోలామ్ అనే మాత్రల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రాత్రి వేసుకున్న మాత్ర తెల్లవారేసరికి ఒంట్లోంచి వెళ్ళిపోతుందనుకోవడం తప్పు. క్లోనజపామ్ సగానికి తగ్గడానికే ఒక రోజుకు పైగా పడుతుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మరునాటి ఉదయం డ్రైవింగ్‌ను దెబ్బతీస్తోందని 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాని మోతాదును తగ్గించింది. పగటిపూట ఈ మాత్రలు మింగుతూ భారీ వాహనం నడపకూడదు. అలాగని ఒక్కసారిగా ఆపనూ కూడదు. నెలల తరబడి వాడినవారు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. తగ్గింపు డాక్టరు చెప్పిన వరుసలోనే జరగాలి. రోజూ తాగే అలవాటు ఉన్నవారు ఉన్నట్టుండి మానేసినా మొదటి రెండు రోజులలో ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది కనుక ఆ రోజులలో బండి ఎక్కడం నిప్పుతో చెలగాటమే.

లిథియం వాడే డ్రైవర్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. బైపోలార్ వ్యాధికి ఇది మంచి మందు, మోతాదు సరిగా ఉంటే చాలామంది మెలకువగానే ఉంటారు. కానీ రక్తంలో దాని స్థాయి లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు, అది పెరిగితే విషమవుతుంది. మే నెలలో రామగుండం వైపు ఏసీ లేని క్యాబిన్‌లో రోజంతా చెమట పడుతూ, నీళ్ళు తాగితే మూత్రానికి ఆగాలని తక్కువ తాగే డ్రైవరుకు ఆ స్థాయి పెరుగుతుంది. నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కూడా దాన్ని పెంచుతాయి. చేతులు ఎక్కువగా వణకడం, నడక తూలడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం కనిపిస్తే బండి ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి మాత్ర కావాలంటే ముందుగా డాక్టరును అడగండి. నీళ్ళ బాటిలు, మామూలు ఉప్పుతో కూడిన తిండి తప్పక ఉంచుకోండి.

జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, సెటిరిజిన్ కూడా మగతే. వాటి మీద మద్యం ఏ కొంచెం పడినా ఫలితం రెట్టింపవుతుంది. డ్రైవింగ్‌లో మద్యానికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మానసిక మందులు వాడేవారికి ఆ హద్దును సున్నాగా పెట్టుకోమనే చెబుతాను. ఆ హద్దు పెట్టిన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యాన్నే గాక, బండి మీద అదుపు తప్పేంతగా మత్తు కలిగించే మందులనూ నేరంగా చూస్తుంది.

డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళాలి

డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, వీలైతే మీరు నిద్రపోయిన గంటలు రాసుకున్న ఒక చిన్న పుస్తకం తీసుకుని వెళ్ళండి. మీ వైద్య రికార్డులు మీకు ఇవ్వాలన్న హక్కు కూడా 2017 చట్టంలో ఉంది. భార్య, తల్లి, అన్నదమ్ముడు, ఇంట్లో మీ రాత్రులను చూసే మనిషి ఎవరైనా తోడుగా వస్తే డాక్టరుకు నిజం సులభంగా తెలుస్తుంది. 'నిద్ర పడుతోందా?' అంటే మీరు పడుతోందనవచ్చు. తెల్లవారుజామున మూడింటికే లేచి వాకిట్లో తిరుగుతున్నారని తోడు వచ్చినవారు చెప్పగలరు. ఆ మాటను నింద అనుకోకండి.

నడిపే బండి ఏమిటో, ఏ రూటో, రాత్రి ఎంతసేపో, ఘాట్ రోడ్డు ఉందా, ప్రయాణికులా సరుకా అన్నవి విడమరచి చెప్పండి. పల్లె నుంచి మండల కేంద్రానికి పగటి సర్వీసు నడపడానికీ, హైదరాబాద్ నుంచి ముంబై వరకు రాత్రి సరుకు తోలడానికీ కావలసిన ఓర్పు వేరు. ఎవరో తనను వెంబడిస్తున్నారని అనిపించడం, చెవిలో గొంతులు వినిపించడం, కారణం లేని ఉత్సాహం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించి డాక్టరు సూటిగా అడుగుతారు. ఇక్కడ దాచితే మిగతా పరీక్షలన్నీ వృథా. అవసరమైతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర ఏకాగ్రత, స్పందన వేగాలను కొలిపిస్తారు.

పెద్ద ఆసుపత్రి దూరమైతే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని కలవండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తెలుగు రాష్ట్రాలకు పెద్ద దిక్కు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరు మీద ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడుతుంది. దారిలో ఉన్న డ్రైవరుకు ఇది ఎంతో ఉపయోగం.

డాక్టరు రాసిచ్చే ఉత్తరంలో మీరు ఎన్నాళ్ళుగా నిలకడగా ఉన్నారు, మందులు క్రమంగా వాడుతున్నారా, మందుల వల్ల మగత ఉందా లేదా, ఏ రకం బండికి ఫిట్, రాత్రి డ్యూటీ మీద ఆంక్ష ఉందా, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి అన్నవి ఉండాలి. యజమానికి ఇచ్చే కాపీలో వ్యాధి పేరు ఉండనవసరం లేదు. ఫిట్‌నెస్, ఆంక్షలు, తదుపరి పరీక్ష తేదీ చాలు. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది; ఇతరులకు హాని తప్పించడానికి చెప్పవలసివచ్చినా, ఆ హానిని ఆపడానికి కావలసినంత మేరకే చెప్పాలి.

ఈ ఉత్తరం ఉన్నా ఫారం 1ఎ వేరుగా కావాలి. ఆ ఫారంలో డాక్టరు ప్రధానంగా దూరదృష్టి, వినికిడి, చేతులు, కాళ్ళు, కీళ్ళ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టి పరీక్షించానని రాసి సంతకం చేస్తారు. మనిషిని చూడకుండానే సంతకం అమ్మే చోట్ల ఆ కాగితం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మానసిక వైద్యుని ఉత్తరం ముందు పెట్టి, ఆ ఫారం నింపే డాక్టరు చేత నిజంగా పరీక్ష చేయించుకుంటేనే రేపు కోర్టులోనైనా, శాఖ విచారణలోనైనా మీ నిజాయితీ నిలబడుతుంది.

మళ్ళీ బండి ఎక్కడం

ఫిట్ అని కాగితం వచ్చిన రోజే పూర్తి లోడుతో రాత్రి ప్రయాణం మొదలుపెట్టకండి. తొలి వారాలలో పగలు, తెలిసిన రూటులో, ఖాళీ బండితో, పక్కన అనుభవమున్న మరో డ్రైవరు కూర్చోగా నడపండి. అతనికి ఏం చూడాలో ముందే చెప్పండి: లేన్ తప్పడం, బ్రేకు ఆలస్యంగా పడటం, ఇతర డ్రైవర్ల మీద అకారణ కోపం, గంట గడవకముందే ఆవులింతలు. ఇబ్బంది లేదని తేలాక దూరం, లోడు, చివరగా రాత్రి డ్యూటీ, ఒక్కొక్కటిగా పెంచండి. బైపోలార్ వ్యాధి ఉన్నవారికి రాత్రి నిద్ర చెడితే మేనియా తిరగబెట్టవచ్చు. వారు రాత్రి డ్యూటీ అసలే వద్దని కోరడం బలహీనత కాదు, ఆ కోరికను ఉత్తరంలో రాయించుకోండి. మందు మార్చినప్పుడు, మోతాదు పెంచినప్పుడు కూడా కొన్ని రోజులు స్టీరింగ్‌కు దూరంగా ఉండి మగత ఎలా ఉందో చూసుకోవాలి. దూర ప్రయాణాలలో రోజూ మాత్రలు మరిచిపోయేవారు నెలకొకసారి తీసుకునే ఇంజెక్షన్ తమకు తగునా అని డాక్టరును అడగవచ్చు.

డిపోలోనూ, ఓనరు దగ్గరా

ఆర్టీసీలో పనిచేసేవారికి ఒక బలం ఉంది. తార్నాకలోనూ, విజయవాడ విద్యాధరపురంలోనూ ఉన్న ఆర్టీసీ ఆసుపత్రుల వైద్యులు ఫిట్‌నెస్‌ను పరిశీలిస్తారు. 'మెడికల్ అన్‌ఫిట్' అని తేలినా ఇంటికి పంపేయడం తేలిక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి, అలాంటి పోస్టు లేకపోతే అది దొరికేదాకా అదనపు పోస్టు కల్పించి ఉంచాలి. ఆ చట్టం గుర్తించిన వైకల్యాలలో మానసిక వ్యాధి కూడా ఉంది. వర్ణాంధత్వం కారణంగా తొలగించిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరికి తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆయన కేసు కంటిచూపుకు సంబంధించినదే అయినా, డ్రైవరు పని చేయలేని ఉద్యోగికి వేరే పని ఉందో లేదో వెదకకుండా వదిలించుకోవడం తగదన్నది అందులోని సారం. అందువల్ల అన్‌ఫిట్ కాగితం రాగానే మరో పోస్టు కోసం రాతపూర్వక దరఖాస్తు డిపో మేనేజరుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. భయపడి స్వచ్ఛంద విరమణ మీద సంతకం పెట్టకండి.

ప్రైవేటు లారీ డ్రైవరుకు, క్యాబ్ నడిపేవారికి అంతటి రక్షణ ఆచరణలో దొరకదు. నమ్మదగిన ఓనరైతే జబ్బు పేరు చెప్పకుండా 'డాక్టరు మూడు నెలలు రాత్రి వద్దన్నారు' అని చెప్పి పగటి ట్రిప్పులు అడగండి. గోడౌను, లోడింగు, మెకానిక్ పని వంటివి ఆ కాలానికి దొరికితే తీసుకోండి. ఓనర్లకు నేను చెప్పేది ఒక్కటే: చికిత్స తీసుకుంటున్నానని చెప్పినవారిని పని నుంచి తీసేస్తే మిగతా డ్రైవర్లు ఎప్పటికీ చెప్పరు. అప్పుడు మీ బండిని చికిత్స లేని మనిషే నడుపుతుంటాడు.

దారిలో తిరగబెడితే

తిరగబెట్టే జబ్బుకు ముందు సూచనలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. మీవి ఏమిటో తగ్గిన రోజులలోనే కాగితం మీద రాసి ఇంట్లోవారికి, క్లీనరుకు ఒక్కో కాపీ ఇవ్వండి. 'అన్నా, రెండు రోజులుగా నువ్వు నిద్రపోలేదు, ఇవాళ ఆపేద్దాం' అని క్లీనరు అంటే ఆ మాటకు విలువ ఇస్తానని ముందే ఒప్పుకోండి. ఉన్నట్టుండి భయం, గొంతులు, తట్టుకోలేని మగత వస్తే వెంటనే హజార్డ్ లైట్లు వేసి, లారీలు ఆగే స్థలానికో, టోల్ ప్లాజాకో, పెట్రోలు బంకుకో బండి చేర్చి తాళం తీసి క్లీనరుకు ఇచ్చేయండి. జాతీయ రహదారి మీద 1033కు, వైద్య సాయానికి 108కు, మాట్లాడటానికి 14416కు ఫోన్ చేయవచ్చు. తర్వాత ఓనరుకు చెప్పండి; లోడు ఆలస్యమవుతుందన్న భయంతో మిగిలిన దూరం ఎలాగో లాగేద్దామని మళ్ళీ సీటెక్కవద్దు. బండిని మరో డ్రైవరు వచ్చి తీసుకెళ్తారు, మీరు బస్సులో ఇంటికి వచ్చి మరునాడే డాక్టరును కలవండి.